వారానికో పూట సైన్సు: పర్లాకిమిడి వైపు చిన్న బడుల్లో నడిపే తీరు

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం చుట్టుపక్కల ప్రాథమిక బడుల్లో చాలామంది పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా పుస్తకం చదువుతారు. కొండ దిగి వచ్చే పిల్లలకు ఇంటి భాష సవర. అందువల్ల పరిసరాల పాఠం వీళ్లకు ముందు భాషా పాఠం అయిపోతుంది. విత్తనం మొలకెత్తడం గురించి పరీక్షలో తప్పు లేకుండా రాసిన పిల్ల, ఆ జవాబు తన పెరట్లో బొబ్బర్ల పాదు గురించేనని గుర్తుపట్టకపోవచ్చు. ఈ లోటు తీరడానికి ల్యాబు అక్కర్లేదు. వారానికి ఒక పూట, ఎప్పుడూ అదే రోజు, అదే వేళ, పిల్లలు చేత్తో చేసి, కళ్లతో చూసి, తమ మాటల్లో చెప్పి, ఆ తర్వాత రాస్తే చాలు. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఒకరిద్దరే చూసుకునే బడుల మాష్టర్లు, గురుమాలు (టీచరమ్మలు), డిగ్రీ అయ్యి ఊళ్లోనే ఉన్న అన్నలు, అక్కలు ఎవరైనా దీన్ని నడపొచ్చు.

వారమే ఎందుకంటే, పిల్లల కంటికి అందే మార్పులు చాలావరకు వారం కొలతకు సరిపోతాయి. నానబెట్టిన పెసలు వారానికి ఆకులు విప్పుతాయి. దోమ గుడ్డు మన వేడికి వారం, పది రోజుల్లో ఎగిరే దోమ అవుతుంది. అష్టమినాటి సగం చంద్రుడు వారానికి పున్నమి చంద్రుడవుతాడు. రోజూ చూస్తే ఏమీ జరగనట్టు ఉంటుంది. నెలకోసారి చూస్తే మధ్యలో జరిగినదంతా తప్పిపోతుంది.

ముందు రోజు, చోటు ఖాయం చేయండి

శనివారం అయితే మేలు. మిగతా రోజుల పాఠాల ఒత్తిడి అప్పటికి కొంచెం తగ్గుతుంది. గంటన్నర చాలు. హెడ్‌మాష్టారితో మాట్లాడి టైమ్‌టేబుల్‌లో రాయించండి. గోడ మీద కాగితంలో లేని పని రెండో నెలకే ఆగిపోతుంది. సమావేశాలు, సర్వేలు, ఆన్‌లైన్ ఎంట్రీలు వచ్చి పూట మింగేస్తాయి. అలాంటి వారం పూర్తిగా మానేయకుండా పావుగంటైనా కొలతలు తీసుకోండి. వరసలో ఒక వారం ఖాళీ పడితే పిల్లలు ఊరుకుంటారు గానీ, రెండు పడితే ఈ పనికి విలువ లేదని వాళ్లే తేల్చేసుకుంటారు.

చోటు వరండా. పక్కనే కొంచెం ఎండ పడే ఖాళీ నేల, చెయ్యి కడుక్కునే కుళాయి లేదా బోరు ఉండాలి. ఐదు తరగతులనూ కలిపి కూర్చోబెట్టండి. నాలుగైదు తరగతుల పిల్లలు కొలుస్తారు, రాస్తారు. ఒకటి రెండు తరగతుల వాళ్లు చూస్తారు, లెక్కపెడతారు, బొమ్మ వేస్తారు. పెద్ద పిల్లకు ఇద్దరు చిన్నపిల్లల్ని అప్పగిస్తే గోల సగం తగ్గుతుంది. ఆ పెద్ద పిల్ల కూడా, చిన్నవాళ్లకు చెప్పాల్సి వచ్చేసరికి తనకు తెలిసిందేదో తెలియనిదేదో కనిపెడుతుంది.

సామాను

ఒక ట్రంకు పెట్టె సంపాదించండి. అందులో ఉండాల్సినవి: గోడలు నిటారుగా ఉన్న 2 లీటర్ల కూల్‌డ్రింకు బాటిళ్లు నాలుగైదు, గాజు గ్లాసులు ఐదు, 30 సెంటీమీటర్ల స్కేళ్లు, టైలరు టేపు, పాత తెల్ల గుడ్డ, దోమతెర ముక్క, దారం, సుద్దముక్కలు, భూతద్దం ఒకటి. భూతద్దం దొరక్కపోతే పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం మీద ఒక నీటిబొట్టు పెట్టి, దాని కింద చీమను ఉంచి చూపించండి. గింజలు మాత్రం పెట్టెలో వదలకండి, ఎలుకలు వస్తాయి. తాళంచెవి ఇద్దరు పిల్లల దగ్గర ఉండాలి, మీ దగ్గర కాదు. మీరు సెలవు పెట్టిన శనివారం కూడా వర్షం కొలవాలి కదా.

అన్నిటికన్నా ముఖ్యమైన వస్తువు బడి మొత్తానికి ఒకే ఒక్క పెద్ద రిజిస్టరు. లాంగ్ సైజు, గట్టి అట్ట. పిల్లలకు సొంత నోట్సులు ఉండొచ్చు, కానీ కొలతలన్నీ ఇందులోకి రావాలి.

ఆ గంటన్నర ఎలా నడవాలి

మొదటి పది నిమిషాలు పోయిన వారం రాసింది ఒక పిల్ల గట్టిగా చదవాలి. తర్వాత ఊహ. ‘ఈ రోజు గ్లాసులో ఏం ఉంటుందనుకుంటున్నారు?’ అని అడిగి, ప్రతి ఒక్కరి ఊహనూ బోర్డు మీద రాయండి. తప్పు ఊహనూ రాయండి, చెరపకండి. ఊహ చెప్పిన పిల్లకే ఫలితం చూడాలన్న ఆత్రం ఉంటుంది. చెప్పనివాడు పక్కవాడి జుట్టు లాగుతూ కూర్చుంటాడు. ఆ తర్వాత అరగంట పని. మిగిలిన సమయం మాట్లాడటం, రాయడం.

మాట్లాడేటప్పుడు ఏ భాషైనా రానివ్వండి. దీని మీద నేను ఎవరితోనైనా వాదిస్తాను. ‘ఒడియాలో చెప్పు’ అనగానే నోరు మూసుకునే పిల్లలు, ఇంటి మాటలో అయితే పురుగుకు ఎన్ని కాళ్లు ఉన్నాయో, ఎటు తిరిగి తింటోందో, ఏ ఆకు వదిలేసిందో చెబుతూనే ఉంటారు. ముందు చూసినది చెప్పడం ముఖ్యం. రిజిస్టరులో మూడు వరసలు గీయండి. మొదటి దాంట్లో బొమ్మ, రెండో దాంట్లో ఇంటి మాట, మూడో దాంట్లో పుస్తకంలో ఉన్న ఒడియా మాట. సవర పిల్లలు ఉంటే వాళ్ల మాటకు నాలుగో వరస. లిపి ఏదైనా ఫరవాలేదు. ఒక్క నెలలో మూడో వరస తనంతట తానే నిండుతుంది, ఎందుకంటే ఆ మాటకు ఇప్పుడు ఒక వస్తువు అంటుకుని ఉంది. ఈ పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించడానికి పుస్తకాలు తయారుచేశారు. ఆ ఊళ్లో ఉండి పిల్లల నోటి మాటను తక్కువ చేయడం మనకు తగదు.

చిన్నపిల్లలతో మొత్తం రాయించకండి. ఒక బొమ్మ, ఒక అంకె, ఒక వాక్యం చాలు.

జూన్, జూలై: వానను కొలవడం

వేసవి సెలవులు అయ్యి బడి తెరిచిన వారమే మొదలుపెట్టండి. నైరుతి రుతుపవనాలు దాదాపు అదే సమయానికి వస్తాయి.

బాటిల్‌ను పైన ఒంపు మొదలయ్యే చోటికి కాస్త కింద, గోడ నిటారుగా ఉన్న దగ్గర అడ్డంగా కోయండి. కత్తెర పని పెద్దవాళ్లది. కోసిన పై ముక్కను మూత తీసేసి, తలకిందులుగా కింది ముక్కలో కూర్చోబెట్టండి. అది గరాటు. అడుగు వంకరగా ఉంటుంది కాబట్టి నిటారు గోడ మొదలయ్యే దాకా గులకరాళ్లు వేసి, నీళ్లు పోసి, ఆ నీటిమట్టం దగ్గర సున్నా గీత పెట్టండి. అక్కడి నుంచి పైకి మిల్లీమీటర్ల గీతలు ఉన్న కాగితం అంటించి, మీద టేపు వేయండి. చెట్టు కింద, చూరు కింద పెట్టకూడదు. గాలికి పడిపోకుండా ఇటుకల మధ్య పెట్టండి.

వాతావరణ శాఖ వాళ్లు రోజూ ఉదయం 8.30కి కొలుస్తారు. బడి పక్క ఇంట్లో ఉండే పిల్లకు ఆ వేళ కొలిచే బాధ్యత ఇవ్వండి. కుదరకపోతే బడి తెరవగానే కొలవండి, కానీ రోజూ ఒకే వేళకి. కొలిచాక నీటిమట్టం మళ్లీ సున్నా గీతకు తేవాలి. ఎండ కాసిన రోజుల్లో నీళ్లు ఆవిరైతే గీత దాకా పోయాలి. శనివారం ఆ ఏడు రోజుల లెక్క కూడి, గోడ మీద చార్టులో ఒక నిలువు పట్టీ గీయించండి.

ఇక లెక్కలు. ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్లు. ఈ ఒక్క మాట పట్టుకుంటే నాలుగో తరగతి గుణకారాలన్నీ ఇక్కడే చేయించొచ్చు. గది కప్పు 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉంటే 30 చదరపు మీటర్లు. 10 మిల్లీమీటర్ల వాన పడితే కప్పు మీద నుంచి 300 లీటర్లు జారిపోయాయి. ‘మన కుండలో ఎన్ని లీటర్లు పడతాయి? ఎన్ని కుండలు?’ అని వదిలేయండి. మిగతాది వాళ్లే చూసుకుంటారు.

24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు వస్తే వాతావరణ శాఖ దాన్ని భారీ వర్షం అంటుంది. 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. ఈ మూడు గీతలనూ చార్టు మీద రంగు సుద్దతో గీసి ఉంచండి. టీవీలో హెచ్చరిక వచ్చినప్పుడు అది ఎంత నీరో పిల్లలకు కళ్లకు కడుతుంది. ఇది మన ప్రాంతానికి చాలా అవసరం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను వానలకు పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. అక్టోబరులో ఒక శనివారం, పెద్దల్ని అడిగి అప్పుడు తమ వీధిలో నీళ్లు ఎంత దాకా వచ్చాయో, ఎవరు ఎక్కడ తలదాచుకున్నారో తెలుసుకుని రమ్మనండి. మనుషుల్ని పోగొట్టుకున్న ఇంటి పిల్లల్ని ఈ పనికి బలవంతపెట్టకండి. వాళ్లకు చార్టు గీసే పని ఇవ్వండి.

విత్తనాలు: నాలుగు గ్లాసులు, ఆ తర్వాత ఐదోది

గాజు గ్లాసు లోపలి గోడకు తడి గుడ్డ చుట్టి, గుడ్డకూ గాజుకూ మధ్య గింజలు దోపితే వేరు ఎటు పోతోందో, మొలక ఎటు పోతోందో బయటినుంచి కనబడుతుంది. పెసలతో మొదలుపెట్టండి. నానిన పెసలు ఒకటి రెండు రోజుల్లోనే కొన చూపిస్తాయి.

నాలుగు గ్లాసులు ఇలా పెట్టండి. ఒకటి తడిగా, వెలుతురులో. రెండోది పొడిగా. మూడోది తడిగానే, అట్టపెట్టె మూసి చీకట్లో. నాలుగోదాంట్లో గింజల మీద నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు. శుక్రవారం దాకా నీళ్లు చల్లే వంతు పిల్లలకు వేయండి. చీకటి పెట్టె శనివారం దాకా తెరవకూడదు, తడి ముందే సరిపడా ఉంచాలి.

తెరిచేముందు ఊహలు రాయించడం మరవకండి. చీకట్లో మొక్క చచ్చిపోతుందని దాదాపు అందరూ చెబుతారు. తీరా తెరిస్తే అదే అన్నిటికన్నా పొడుగ్గా ఉంటుంది, పాలిపోయి, పసుపుపచ్చగా, నిలబడలేక వాలిపోతూ. ఇక్కడ మీరు వివరణ మొదలుపెట్టకండి. ఐదు నిమిషాలు వాళ్లను వాదించుకోనివ్వండి. వెలుతురు కోసం వెతుక్కుంటూ సాగిందనీ, గింజలో దాచుకున్న తిండితోనే అంత దూరం పెరిగిందనీ ఆ తర్వాత చెప్పండి. ఆ గ్లాసును కిటికీలో పెడితే ఒకటి రెండు రోజుల్లో ఆకులు పచ్చబడతాయి.

నీళ్లలో మునిగిన పెసలు కుళ్లి వాసన వస్తాయి. వాటికి గాలి అందలేదు. ‘అయితే వరి పొలంలో నీళ్లు నిలబెడతారు కదా మాష్టారూ?’ అని ఎవరో ఒకరు అడుగుతారు, అడగకపోతే మీరే అడగండి. ఐదో గ్లాసు అప్పుడే పెట్టాలి. వడ్లు వేసి అలాగే ముంచండి. వడ్లు నీటిలో కూడా మొలక వేస్తాయి. గాలి బాగా తగిలినప్పుడు వేరు తొందరగా వస్తుంది, మునిగినప్పుడు మొలకే ముందు పైకి పాకుతుంది. గాలి దగ్గరికి చేరుకోవడం దానికి ముందు పని. ఈ పోలిక పాఠ్యపుస్తకంలో లేకపోయినా, వరి పండించే ఇళ్ల పిల్లలకు ఇంతకన్నా దగ్గరి పాఠం లేదు.

చోళ్లు (రాగులు), సామలు, కందులు కూడా ఇంటి నుంచి తెప్పించి వరసగా పెట్టండి. ఏది ఎన్నో రోజున మొలిచిందో రాయండి. కొండ వాలులో మెట్లు కట్టి సాగు చేసే సవర కుటుంబాల పిల్లలు ఈ వారం మీకు పాఠం చెబుతారు. వాళ్లను ముందు నిలబెట్టండి.

ఆగస్టు, సెప్టెంబరు: దోమ

దక్షిణ ఒడిశా కొండ జిల్లాలకు మలేరియా పాత శత్రువు. మారుమూల ఊళ్లలో జ్వరం లేనివాళ్లకు కూడా రక్తపరీక్ష చేసే ‘దమన్’ కార్యక్రమం 2017లో మొదలైంది. ఆశా దీదీ ఇంటికి వచ్చి వేలు ఎందుకు పొడుస్తుందో పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడానికి మంచి దారి, దోమను దాని పిల్లదశలో చూపించడమే.

బడి చుట్టూ నీళ్లు నిలిచిన చోట్లు వెతకండి. పగిలిన కుండ, టైరు, కొబ్బరి చిప్ప, ట్యాంకు మూత, పొలం గట్టు. తెల్ల గిన్నెతో ముంచితే చిన్న పుల్లల్లా కదిలే లార్వాలు కనబడతాయి. పారదర్శకమైన సీసాలో పోసి, మూతికి దోమతెర రెండు మడతలు వేసి గట్టిగా కట్టండి. పైన చెయ్యి అడ్డం పెట్టి నీడ చేస్తే అన్నీ ఒక్కసారిగా కిందికి దిగిపోతాయి, కాసేపటికి గాలి కోసం మళ్లీ పైకి వస్తాయి. ఎలా నిలబడ్డాయో జాగ్రత్తగా చూడమనండి. నీటి పైపొరకు సమానంగా పడుకుని ఉంటే అది అనాఫిలిస్, మలేరియా మోసే రకం. తల కిందికి వేలాడేసి, తోక దగ్గరి గొట్టం పైకి పెట్టి ఉంటే మిగతా రకాలు, వాటిలో డెంగీ మోసే ఏడిస్ కూడా ఉంటుంది. ఇది ఐదో తరగతి పిల్లలు భూతద్దం లేకుండానే గుర్తుపట్టగలరు.

ఒక సీసాలో రెండు చుక్కల వంటనూనె వేస్తే నీటి మీద పొర కట్టి, లార్వాలకు గాలి అందదు. పని అయ్యాక సీసాల్లో నీళ్లన్నీ ఎండలో కాగిన పొడి నేల మీద పారబోయండి. వచ్చే వారానికి ఏ సీసానూ ఉంచవద్దు, ఎవరైనా మూత విప్పితే మనమే దోమలు పెంచినట్టవుతుంది.

ఇక్కడి నుంచి ఒక అలవాటు పుట్టించాలి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి వారానికొకసారి నిలవ నీళ్లు ఒంపేస్తే ఏ లార్వా కూడా దోమ కాదు. ప్రతి శనివారం పూట మొదలయ్యే ముందు ఇద్దరు పిల్లలు బడి చుట్టూ తిరిగి నీళ్లు ఒంపి, తొట్టి లోపలి గోడను పీచుతో తోమాలి. తోమడం ఎందుకంటే ఏడిస్ గుడ్లు గోడకు అంటుకుని, నీళ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉంటాయి. తొట్టి తోమడం పెద్ద పిల్లల పని, మీరు పక్కన ఉండాలి.

ఏడాది పొడవునా: నీడ

ఒక్క పని మాత్రమే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. నేల పైన సరిగ్గా 1 మీటరు ఉండేలా నిటారు కర్ర పాతండి. నిటారుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి చూడండి. శనివారం 11.15 నుంచి 12.30 దాకా పది నిమిషాలకోసారి నీడ కొనలో మేకు గానీ గులకరాయి గానీ పెట్టించండి. అన్నిటికన్నా పొట్టి నీడ ఎంత పొడవు, ఏ దిక్కుకు, ఎన్ని గంటలకు అని రిజిస్టరులో రాయాలి. సూర్యుడి వైపు మాత్రం ఎవరూ చూడకూడదు. ప్రతి వారం గుర్తుచేయండి.

12 గంటలకే నీడ పొట్టిగా ఉంటుందని మీరు చెప్పకండి. పర్లాకిమిడిలో నవంబరు మొదటి వారం అది 11.37 ప్రాంతంలో వస్తుంది, ఫిబ్రవరి రెండో వారంలో 12.08కి. పిల్లలు తమ రిజిస్టరులోనే ఈ తేడా పట్టుకుంటారు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి, భూమి ఇరుసు ఒంపు ఇందుకు కారణం అన్నంతవరకు చెప్పి వదిలేయొచ్చు.

పొడవు సంగతి ఇంకా బాగుంటుంది. మన అక్షాంశం దాదాపు 18.8 డిగ్రీలు. జూన్ 21 ప్రాంతంలో మధ్యాహ్నపు నీడ సుమారు 8 సెంటీమీటర్లు, అదీ దక్షిణం వైపు పడుతుంది. ఎందుకంటే అప్పుడు సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరానికి వెళ్లి ఉంటాడు. జూలై 28, 29 నాటికి సరిగ్గా నెత్తిమీద ఉంటాడు, కర్రకు నీడ ఉండదు. మబ్బు పట్టకపోతే ఆ రోజు శనివారం కాకపోయినా అందర్నీ బయటికి తీసుకురండి. ఆ తర్వాత నీడ ఉత్తరానికి తిరుగుతుంది. సెప్టెంబరు 23 నాటికి 34 సెంటీమీటర్లు, డిసెంబరు 21, 22కి 91. అక్కడి నుంచి మళ్లీ తగ్గడం మొదలు. మార్చిలో తిరిగి 34 దగ్గరికి వచ్చినప్పుడు, ‘సెప్టెంబరులో రాసిన అంకే ఇది’ అని ఎవరో ఒక పిల్ల పాత పేజీ తిప్పి చూపిస్తుంది. రెండు సార్లు నీడ మాయమయ్యే ఊళ్లు కర్కటరేఖకు దక్షిణంగానే ఉంటాయి. మనకు నీడ మాయమయ్యే రెండో రోజు మే 15 ప్రాంతంలో, సెలవుల్లో వస్తుంది. ఇళ్ల దగ్గరే ఒక సీసా నిలబెట్టి చూడమని చెప్పి పంపండి.

వాన మబ్బుల వల్ల జూలై, ఆగస్టుల్లో చాలా వారాలు నీడే పడదు. ఆ గడిలో ‘మబ్బు’ అని రాయించండి. అదీ ఒక కొలతే.

చంద్రుడు ఇంటి పని. శనివారం సాయంత్రం 7కి ఎక్కడ, ఏ ఆకారంలో ఉన్నాడో బొమ్మ వేసుకుని రావాలి. నెలలో సుమారు సగం శనివారాలు ఆ వేళకి కనబడడు. అప్పుడు బహుళ పక్షంలో ఉదయం ప్రార్థన వేళ పడమటి ఆకాశం చూపించండి. పగటిపూట చంద్రుణ్ణి మొదటిసారి గమనించిన పిల్లలు పక్క తరగతులను కూడా లాక్కొస్తారు.

వంటిల్లు, సంత

మధ్యాహ్న భోజనం వండే అమ్మను ఒక శనివారం మీతో కూర్చోమని అడగండి. గుడ్లు వండే రోజు ముందు నీళ్లలో వేసి చూడండి. తాజా గుడ్డు అడుగున పడుకుంటుంది, పాతబడేకొద్దీ లేచి నిలబడుతుంది, బాగా పాతది తేలుతుంది. పెంకులోంచి తడి బయటికి పోయి లోపల గాలిగది పెద్దదవుతుంది కాబట్టి. తర్వాత తాజా గుడ్డు మునిగి ఉన్న నీళ్లలో ఉప్పు వేస్తూ కలపండి. అదీ తేలుతుంది. ఆ ఉప్పునీళ్లలోనే వడ్లు పోస్తే తాలు పైకి తేలి గట్టి గింజ కిందికి పోతుంది. విత్తనం ఎంచడానికి రైతులు చేసే పని ఇదే. ఆ గింజలు మంచినీళ్లలో కడిగి ఆరబెట్టాకే విత్తాలి.

పులిసే పిండి రెండు బాటిళ్లలో పోసి, మట్టం దగ్గర రబ్బరు బ్యాండు వేయండి. ఒకటి వెచ్చగా, ఒకటి తడి ఇసుకలో చల్లగా. మూతలు బిగించకండి, లోపల గాలి పుట్టి పగలొచ్చు. గంట గంటకూ మట్టం చూసి రాయండి. తరవాణి, పఖాళ (నీళ్లలో పులిసిన అన్నం), చోడి అంబలి గురించి ఇళ్లలో అడిగి రమ్మంటే, ఏ ఇంట్లో ఎన్ని గంటలు ఉంచుతారో, చలికాలంలో ఎందుకు ఆలస్యమవుతుందో పెద్ద పట్టిక అవుతుంది.

పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితం ముక్కల మీద సబ్బు నీళ్లు, బూడిద నీళ్లు, చింతపండు రసం, మజ్జిగ ఒక్కో చుక్క వేయించండి. కొన్ని ఎర్రబడతాయి, కొన్ని మారవు. ఎర్రబడిన దాని మీద నిమ్మరసం వేస్తే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. కంచె మీది శంఖుపూల రసంతోనూ చేయొచ్చు. సున్నం మాత్రం మీ చేత్తోనే వేయండి, కంట్లో పడితే ప్రమాదం.

వారపు సంతకు తీసుకెళ్లే వీలుంటే ఒక పనికే వెళ్లండి. మానికెడు బియ్యం, మానికెడు చోళ్లు, మానికెడు మరమరాలు తూయించి చూడటం. ఒకే కొలత, మూడు బరువులు. పర్లాకిమిడి దగ్గరి బడులకు ఇంకో అవకాశం ఉంది, ఊళ్లో కొమ్ము పనివాళ్లు. కొమ్మును వేడిచేసి ఎలా వంచుతారో ఒకాయన వచ్చి చూపిస్తే చాలు. కొమ్ము, గోరు, వెంట్రుక మూడింటిలోనూ ఉన్నది కెరటిన్ అనే ఒకే పదార్థమని అప్పుడు చెబితే పిల్లలు తమ గోళ్ల వైపు చూసుకుంటారు.

మట్టి పరీక్ష తేలిక. కొండ మట్టి, పొలం మట్టి, ఏటి ఒడ్డు మట్టి, పుట్టమన్ను నాలుగు సీసాల్లో వేసి, నీళ్లు పోసి బాగా కుదిపి వదిలేయండి. ఇసుక నిమిషంలో దిగుతుంది, బంకమన్ను మర్నాటికీ దిగదు. వారానికి పొరలు స్పష్టంగా కనబడతాయి.

జాగ్రత్తలు

వానాకాలంలో పిల్లల్ని మహేంద్రతనయ ఒడ్డుకు గానీ వంశధార ఒడ్డుకు గానీ తీసుకెళ్లకండి. ఏటి మట్టి కావాలంటే పెద్దవాళ్లు తెచ్చిపెట్టాలి. రాళ్లు, ఆకుల కుప్పలు చేత్తో కదపకూడదు, కర్రతో కదపాలి, చెప్పులు ఉండాలి. పాము కరిస్తే మంత్రం, గాటు, తాడు కట్టడం లేకుండా కదలకుండా పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయాలని పెద్ద పిల్లలకు నేర్పండి. గన్నేరు, ఉమ్మెత్త, ఆముదం గింజ, గురివింద గింజ ఎలా ఉంటాయో మొదటి నెలలోనే చూపించి, నోట్లో పెట్టకూడదని చెప్పండి. పుట్టగొడుగులు చూడటమే, కోయడం లేదు. మందు కొట్టిన పొలం వైపు ఆ వారం పోకండి. ప్రతి పూట చివర సబ్బుతో చేతులు కడగకుండా ఎవరూ అన్నానికి వెళ్లకూడదు.

ఇంటివాళ్లు అడిగితే

‘చదువు మానేసి మట్టి పిసికిస్తున్నారేంటి?’ అని కొందరు అంటారు. వాదించకుండా వాన చార్టు ముందుకు తీసుకెళ్లి, వాళ్ల పిల్లనే వివరించమనండి. మార్కులు వేయకండి. పిల్ల నేర్చుకుందో లేదో తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: ‘వచ్చే వారం ఏమవుతుంది, ఎందుకు?’ ఊహకు కారణం చెప్పగలిగిన పిల్ల నేర్చుకున్నట్టే, ఆ ఊహ తప్పైనా సరే.

సెలవులకు ముందు చివరి శనివారం బాటిళ్లన్నీ కడిగి, ఆరబెట్టి, బోర్లించి పెట్టెలో పెట్టండి. వాన కొలిచే బాటిల్ మాత్రం బడి పక్క ఇంటివాళ్లకు ఇవ్వండి, మే నెల గాలివానలు కూడా లెక్కలోకి రావాలి. రిజిస్టరు నాలుగో తరగతి పిల్లల చేతికి ఇప్పించండి. జూన్‌లో కొత్త పేజీ గీసేది, ఒకటో తరగతిలో చేరినవాళ్లకు నీడ కర్ర చూపించేది వాళ్లే.